గోలెంలో వాన

వానాకాలం మొదలైందంటే మా ఇంట్లో పొద్దున్నే వార్తలు చదివే పని మా ఆయనది. సూర్యాపేటలో మా ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ఏ మండలంలో ఎంత వాన పడిందో ఫోన్‌లో చూస్తూ క్రికెట్ స్కోరు చెప్పినట్టు పైకి చదువుతాడు. ఆత్మకూరు (ఎస్)లో ఇంత, నేరేడుచర్లలో ఇంత, కోదాడలో ఇంత. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, అంకె కనబడితే పైకి చదవకుండా ఉండలేడు. వినేవాళ్లు ఉన్నారా లేదా అన్నది ఆయనకు పట్టదు. కూరగాయల బండి అతను ఎప్పుడైనా ఆగి, "సార్, మా దిక్కు ఎంత వడ్డది?" అని అడిగితే మాత్రం ఆ రోజంతా ఆయన ముఖం వెలిగిపోతుంది. మొన్న అలా చదువుతూ చదువుతూ ఆగి, "ఇదేందే, రోజంత పడ్డది ఒక దగ్గర ఇచ్చి, గంటకు ఎంత పడ్డదో మళ్ల ఇంకో దగ్గర ఇస్తున్నరు. వాన వానే గదా, రెండు లెక్కలెందుకు?" అన్నాడు. నేను సర్వీసంతా నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసినదాన్ని, జవాబు చెప్పడం ఎంతసేపు? కానీ నోరు తెరిచేసరికి లెక్క రాలేదు, ఒక వాకిలి కళ్ల ముందుకొచ్చింది. వాకిట్లో ఒక నీళ్ల గోలెం, ఆ గోలెం పక్కన మట్టిలో కూర్చున్న ఒక మనిషి. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పాలు నిజంగానే పొంగిపోయాయి కూడా.

మా నాయనమ్మకు ఈ రెండు లెక్కల గొడవ లేదు. వాన వెలిశాక చేనులోకి పోయి, దుక్కిలో వేళ్లు దించి, తడి ఎంత లోతుకు పోయిందో చూసి "జానెడు పదునైంది" అనో, "బెత్తెడు గూడ కాలే" అనో తేల్చేసేది. విత్తనం వేసుకోవడానికి అంతకు మించిన లెక్క అక్కర్లేదు. అయితే వానల్లో తేడాలు ఆమెకూ తెలుసు. ముసురు పట్టిన రోజు తృప్తిగా మంచం మీద పడుకునేది. దంచి కొట్టే వాన వస్తే మాత్రం గడపలో నిలబడి, చేను తాగేలోపే నీళ్లన్నీ వాగుపాలు అవుతున్నాయని ఆ వానను పేరుపెట్టి తిట్టేది. నేను తర్వాత కాలేజీలో చదువుకున్న పాఠమంతా అదే. కాకపోతే ఇంగ్లీషులో, గ్రాఫులతో, తిట్లు లేకుండా.

మామూలు రెయిన్‌గేజి చాలా అమాయకమైన వస్తువు. ఒక గరాటా, దాని కింద సీసా, చుట్టూ డబ్బా. రోజూ పొద్దున ఒకే వేళకు మూత తీసి, సీసాలో నీళ్లను గీతలున్న గాజు గ్లాసులో పోసి చూసి రాసుకోవాలి. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఎంత పడిందో అది చెబుతుంది, ఎంత దూకుడుగా పడిందో చెప్పదు. ఒక మనిషి రోజు మొత్తం మీద ఎంత తిన్నాడో చెప్పి, ఎంత ఆబగా తిన్నాడో దాచినట్టు. రోజంతా సన్నగా కురిసినా, ఒక్క గంటలో కుమ్మరించి పోయినా సీసాలో నీళ్లు ఒకటే. తూములు, కల్వర్టులు కట్టేవాళ్లకు కావలసింది మాత్రం ఆ దూకుడే. దాని కోసం వేరే యంత్రం ఉండేది. నేను పనిచేసిన కోదాడ ఆఫీసు ఆవరణలో కంచె లోపల ఒకటి నిలబడి ఉండేది. దాని కడుపులో గడియారంతో తిరిగే డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన గళ్ల కాగితం, నీళ్లలో తేలే బెండుకు తగిలించిన పెన్ను. వాన లేకపోతే పెన్ను అడ్డంగా గీత గీసుకుంటూ పోతుంది. వాన పడితే పైకెక్కుతుంది, సన్న వానకు ఏటవాలుగా, దంచే వానకు నిట్టనిలువుగా. చూడముచ్చటైన యంత్రమే గానీ గారాబం ఎక్కువ. గడియారానికి కీ ఇవ్వాలి, కాగితం మార్చాలి, సిరా ఎండకుండా చూసుకోవాలి. ఒక ఎండాకాలం దానిలో బల్లి కాపురం పెట్టి, పెన్ను మీద ఎక్కి దిగుతూ చినుకు లేని వారంలో పెద్ద తుఫాను గీసిపెట్టింది. పైఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ అడిగారు. ఇప్పుడొస్తున్న వాటిలో కాగితమూ లేదు, సిరా లేదు. అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న గిన్నెలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి పారబోసుకుంటుంది, రెండోది గరాటా కిందికి వస్తుంది. ఎప్పుడెప్పుడు ఎన్నిసార్లు ఒరిగిందో అప్పటికప్పుడు హైదరాబాదుకు చేరిపోతుంది. మా ఆయన ఫోన్‌లో చదివే రెండో లెక్క అదే.

నేను చెప్పబోయే ఏడాది మేళ్లచెరువు దిక్కు తండాల్లో ఇవేవీ లేవు. సున్నపురాయి నేల అది. సిమెంటు కంపెనీల లారీలు తిరిగి తిరిగి దారి పక్క తుమ్మచెట్లు కూడా తెల్లగా ఉంటాయి. తండాకూ అవతలి ఊరి పొలాలకూ మధ్య ఒక వాగు, వాగు మీద నేలకు అంటుకున్నట్టు ఒక పాత కల్వర్టు, కింద నాలుగు పైపులు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ పైపుల్లో కుక్కలు పడుకునేవి. శ్రావణమాసంలో ఒక పొద్దున తండా ఆడవాళ్లు కొందరు నాట్లు వేయడానికి ఆటోలో అవతలికి పోయారు. ఆటో కూడా ఆ తండా మనిషిదే. కాసేపటికి వాన దంచడం మొదలుపెట్టింది. నాట్లు ఆపి వెనక్కి తిరిగారు. ఆటో కల్వర్టు మధ్యకు వచ్చేసరికి వాగు దాన్ని పక్కకు తోసి తీసుకుపోయింది. ఒడ్డున ఉన్నవాళ్లు తాళ్లేసి చాలామందిని లాగారు. ఆటో నడిపినతను, ఒక కోడలుపిల్ల మాత్రం దొరకలేదు. మర్నాడు ఇద్దరూ కింది ఊరి దగ్గర కంపలో దొరికారు. అదే నీళ్లకు కల్వర్టు సగం లేచిపోయింది.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. పైనుంచి వచ్చినవాళ్లు మండలాఫీసు దగ్గరి రెయిన్‌గేజి చూశారు. ఆ రోజు అక్కడ పడింది మామూలు వానే. మొగులు ఒకచోట విరిగి, పక్క ఊరికి చినుకు కూడా విదల్చకుండా పోవడం మా దిక్కు కొత్తేమీ కాదు గానీ, గేజిలో ఉన్నదే కాగితం మీదికి ఎక్కుతుంది. వాన మామూలుది, వాగు పారుతున్నది కళ్ల ముందే ఉంది, అయినా ఆటో దింపాడు కాబట్టి డ్రైవర్ నిర్లక్ష్యం అని ఒక్క ముక్కలో రాసేశారు. బతికి బయటపడ్డ ఆడవాళ్లను అడిగితే ఒకామె నీళ్లు చీలమండ దాకానే ఉండె అంది, ఇంకొకామె మోకాళ్ల దాకా అంది. కల్వర్టు మళ్లీ పాత కొలతతోనే, అవే పైపులతో కట్టేద్దామని ప్రతిపాదన తయారై మా ఆఫీసుకు వచ్చింది.

మా పెద్దసారు ఆ కాగితం చూసి సంతకం పెట్టలేదు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. నన్ను పిలిచి, "మండలాఫీసుల పడ్డ వానకు తండా కాడ పైపులేస్తే మళ్లొక ఆటో పోతది. అక్కడ గంటకు ఎంత పడ్డదో నాకు కావాలె" అన్నాడు. అక్కడ గేజి లేదు కదా సార్ అన్నాను. "గేజి లేకపోతే గిన్నెలుంటయి. ఆ పొద్దు వాకిట్ల, మిద్దె మీద, చేన్ల ఏమేం బయట ఉన్నయో అడుగు. బకెట్లు, డ్రమ్ములు, తొట్లు. అంతకుముందు ఖాళీగున్నయా, ఎంత నిండినయి, ఎప్పుడు నిండినయి. చూరు కింద ఉన్నది లెక్కకు రాదు. పొంగిపోయింది లెక్కకు రాదు, ఇంతకంటె ఎక్కువే పడ్డదని మాత్రం తెలుస్తది" అని చెప్పి, కాసేపాగి, "మనుషులు పోయిన ఇండ్లు. మెల్లగ అడుగు" అన్నాడు.

నాతో వచ్చింది మా వర్క్ ఇన్‌స్పెక్టర్. వయసులో పెద్దవాడని బాబాయ్ అనేదాన్ని. కోదాడకు అవతల, సరిహద్దు ఊరి మనిషి, మాటలో ఆంధ్రా యాస ఉండేది. జేబులో టేపు, చంకలో గొడుగు, ఎండకైనా వానకైనా అదే గొడుగు. మేము వాకిలి వాకిలికీ పోయి బకెట్లు చూపించమంటుంటే తండా వాళ్లకు మొదట ఏమీ అర్థం కాలేదు. ప్రభుత్వం కొత్త బకెట్లు ఇస్తుందేమోనని ఒకామె పగిలిన బకెట్లన్నీ తెచ్చి వరసగా పెట్టింది. ఒక తాత తన మిద్దె మీద రంగుడబ్బా నిండి పొంగిందని ప్రమాణం చేసి చెప్పాడు. పైకెక్కి చూస్తే డబ్బాకు అడుగు లేదు. "అప్పుడుండె సార్" అన్నాడు బాబాయ్‌తో, ఏమాత్రం తొణక్కుండా. ఇంకొకరి డ్రమ్ము నిండా నీళ్లున్నాయి గానీ అది సరిగ్గా రేకుల చూరు కిందే ఉంది. గేదెల తొట్టి ఒకటి సగం నిండింది గానీ వానకు ముందే అందులో కుడితి ఉంది, ఎంత ఉందంటే గేదెకే తెలియాలి. "ఇలా అయితే సార్‌కి ఏం చెబుతామమ్మా" అని బాబాయ్ గొడుగు మార్చి మార్చి పట్టుకున్నాడు. ఒక్క సంగతిలో మాత్రం తండా అంతా ఒకే మాట చెప్పింది. రాత్రంతా ముసురే. పొద్దున కరెంటు పోయాకే వాన దంచుడు పెట్టింది.

తండా చివర ఎదురెదురుగా రెండిళ్లు. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. వాగులో పోయిన కోడలుపిల్ల ఆమె కోడలే. రెండో ఇంటి దగ్గరికి వచ్చేసరికి బాబాయ్ గొంతు తగ్గించి, "ఈ ఇల్లు వద్దులెండి మేడం. ఆటో అతనిది" అన్నాడు. నాకూ వద్దనే అనిపించింది. తిరిగి పోతుంటే వెనక నుంచి మాట వినబడింది. "అందర్ని అడుగుతున్నరు, మా ఇంటికెందుకొస్తలేరు మేడం? మా వాకిట్ల వాన వడలేదా?"

గడపలో నిలబడి ఉంది. ముప్పై దాటి ఉంటుందేమో. తల దువ్వుకోలేదు, ముఖం మాత్రం తడిలేకుండా పొడిగా ఉంది. వాకిలి మధ్యలో, చూరుకు దూరంగా, బావికి వేసే సిమెంటు రింగుకు అడుగు పోసి చేయించుకున్న గోలెం ఉంది. నిలువు గోడలు, నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు. వెతికి వెతికి వేసారిన మాకు అంతకంటే మంచి రెయిన్‌గేజి ఎవరూ కట్టి ఇవ్వలేరు. దానిలో నీళ్లు అలాగే ఉన్నాయి, పైన పచ్చగా పాచి పేరుకుంటోంది. ఆ రోజు తర్వాత మళ్లీ చినుకు పడలేదు. ఇవి ఆ రోజు నీళ్లేనా అని అడిగాను. "గవే మేడం. పారబోద్దామంటే చేతులొస్తలేవు" అంది. ముందు ఎన్ని ఉండేవని అడగాలి. అది నా పని. అడిగాను.

"ఏం లేకుండె. తీజ్ పండుగొస్తుందని గోలెం కడిగి, లోపల సున్నమేసి ఎండవెట్టిన. రాత్రి ముసురువట్టింది గదా, తెల్లారేటాలకు గిన్ని నీళ్లున్నయ్" అని మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించింది. ఎలా తెలుసని అడుగుతానేమోనని నా ముఖం చూసింది కాబోలు, తనే చెప్పింది. "ఆయిన గీ నీళ్లతోనే మొఖం కడుక్కున్నడు మేడం. వంగి దోసిలి వట్టిండు. దోసిలి మునగలే. నీ గోలెం నిండేటాలకు దసరా అయితదే అని నవ్విండు. కంపెనీ సైరన్ మోగింది. ఆటోల అందర్ని ఎక్కిచ్చుకొని పోయిండు."

బాబాయ్ గొడుగు గోడకు ఆనించి తల వంచుకున్నాడు. ఆమె ఆగలేదు. ఎవరూ అడగక, లోపల కట్టి పెట్టుకున్న మాట అనుకుంటాను. "జరసేపటికి కరెంటు వోయింది. కరెంటు వోయినాంక మొదలైంది. అది వాన గాదు మేడం. ఎదురిల్లు కనవడలే. పొయ్యి మీద రొట్టె మాడుతుంటె గూడ వాసన దెల్వలే. గప్పుడు ఫోనొచ్చింది. ఆటో వోయిందన్నరు. ఉరికొచ్చిన. గీ జాగకొచ్చేటాలకు కాళ్లు వడిపోయినయ్. గోలెం వట్టుకుందమంటే చెయ్యి లోపలికి జారింది, అడుగు తగిలింది. నీళ్లు గీడిదాక ఉండె." మణికట్టుకూ మోచేతికీ నడుమ చూపించింది. చూపించినట్టు సరిపోలేదనుకుందో ఏమో, గోలెం పక్కన మట్టిలో కూర్చుని, పాచి పక్కకు తొలగేలా చెయ్యి లోపల పెట్టి అడుగు ముట్టింది. మణికట్టు మునిగింది. నీళ్లు అక్కడికే వచ్చాయి. "వాన గూడ గప్పుడే తగ్గింది" అంది.

టేపు తీయమని నేను బాబాయ్‌కి చెప్పలేకపోయాను. ఆయనే తీసి, గోలెం లోపల సున్నం మీద నీళ్ల గీత దాకా కొలిచి, అంకె నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు. జానెడు మీద నాలుగు వేళ్లు. ముసురు నాటి మూడు వేళ్లు తీసేసినా జానెడుకు తక్కువ లేదు. ఆమె ఫోన్ అడిగి చూశాను. ఆ పిలుపు వచ్చిన వేళ అందులో ఉంది. ఆ కబురు చెప్పినవాళ్ల పేరు మీద వేలు పెట్టినప్పుడు ఆమె తల పక్కకు తిప్పుకుంది.

ఇదంతా ఎదురింటి అరుగు మీది నుంచి ముసలామె చూస్తూనే ఉంది. మేము లేవగానే ఆమె గొంతు లేచింది. "గోలెంల నీళ్లు కొలిస్తే పోయినోళ్లు వస్తరా? వాగు కనవడకనే ఎక్కిచ్చిండా వాడు? తాగి ఎక్కిచ్చిండు. నా కోడల్ని మింగిండు." ఆటో అతని భార్య కొంగు సర్దుకుని మా వెంట నడిచింది. మమ్మల్ని సాగనంపుతూ, "వరసకు నాకు అత్తయితది మేడం. ఆయిన ఆమె చేతుల్లనే పెరిగిండు. రోజు గిట్లనే అంటది. తండల ఎవరు గూడ కాదనరు" అంది.

మిగతాది ఆఫీసు పని. కరెంటు ఎప్పుడు పోయిందో సబ్‌స్టేషన్‌లో అడిగితే చెప్పారు, లైను మీద చెట్టు పడి ట్రిప్పయిన వేళ వాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఫోన్ వచ్చిన వేళ దాకా రెండు గంటలు కూడా లేవు. రెండు గంటల్లోపు జానెడు వాన. కోదాడ ఆఫీసులో మా యంత్రం పెన్ను ఆ పొద్దు కాగితం మీద చిన్న గుట్ట గీసి ఊరుకుంది. అదే పెన్ను ఆ వాకిట్లో ఉండి ఉంటే గీత గోడలా నిలబడేది. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నా లెక్క రెండుసార్లు చూశాడు. వాగు పైనున్న నేలంతా రాయి, తవ్వకాలకు పైమట్టి కూడా పోయింది, పడ్డ నీళ్లు ఇంకే దారి లేదు, వాన ఆ దూకుడు మీదుంటే వాగు పెరగదు, ఒక్కసారిగా వచ్చిపడుతుంది అన్నాడు. వాలు, దూరం అన్నీ వేసి చూశాం. ఆటో కల్వర్టు ఎక్కేటప్పుడు నీళ్లు చీలమండ దాకానే ఉండి ఉంటాయి. మధ్యకు పోయి, బురదలో చక్రం మొరాయించి, మళ్లీ కదిలేలోపు నడుము దాకా వచ్చి ఉంటాయి. చీలమండ అన్న ఆమె చెప్పిందీ నిజమే, మోకాళ్లన్న ఆమె చెప్పిందీ నిజమే. ఇద్దరూ వేరువేరు నిమిషాలు చెప్పారు, అంతే.

తండాకు మళ్లీ పోవలసిన ప్రభుత్వ పని ఏదీ లేదు. అయినా పోయాను. బాబాయ్ నేనూ వస్తానన్నాడు. ఆమె వాకిట్లోనే ఉంది. గోలెం అప్పటికీ ఖాళీ చేయలేదు. ఎదురింటి ముసలామెకు కూడా వినబడేలా, గట్టిగా, నాకు చేతనైన మాటల్లో చెప్పాను. ఆ పొద్దు ఈ తండా మీద పడిన వాన మండలంలో ఇంకెక్కడా పడలేదని, వాగు అతను ఎక్కాకే వచ్చిందని. అతను తాగాడా లేదా అన్నది నాకు తెలియదని కూడా చెప్పాను. గోలెం ఆ సంగతి చెప్పదు. తాగనివాడు ఉన్నా ఆ నీళ్లు అంతే వచ్చేవి.

ఆమె గోలెం అంచు మీద చెయ్యి వేసింది. తర్వాత, "ఎంతసేపట్ల వచ్చినయ్ మేడం నీళ్లు?" అని అడిగింది. నిమిషాల్లో చెప్పబోయి ఆగాను. "చాయ్ కాగేటంత సేపట్ల" అన్నాను. "గంతేనా?" అంది. ఆ రెండో మాటలో ఏముందో నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాసేపటికి కొంగుతో ముఖం కప్పుకుని, "ఐతే ఆయినకు భయపడేటంత టైము గూడ లేకుండె" అంది. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా పొడిగా ఉన్న ఆ ముఖం చూసినదాన్ని కాబట్టి, ఏడుపు వినలేక గోడకేసి తిరిగాను.

ముసలామె అరుగు దిగింది. కర్ర పొడుచుకుంటూ దారి దాటి వచ్చి, గోలెంలోకి తొంగిచూసి, సున్నం మీది గీత దగ్గర జాన పెట్టి కిందికి కొలుచుకుంది. ఒకసారి కొలిచి నమ్మకం కలగక మళ్లీ కొలిచింది. చెయ్యి చీరకు తుడుచుకుని, నా వైపు తిరిగి, "నువ్వు మంచిగనే చెప్పినవ్ బిడ్డా. మరి నేనెవర్ని అనాలె? వానను తిట్టాల్నా? వానకు మొఖముందా?" అంది. బాబాయ్ ఏదో ఓదార్పుగా అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ దారి దాటి తన అరుగు మీద కూర్చుంది. మేము వెళ్లేటప్పుడు ఆటో అతని భార్య గోలెంలో నీళ్లు బకెట్టుతో తోడి పారబోసింది. పచ్చని నీళ్లు వాకిలి దాటి, దారి దాటి, ఎదురింటి అరుగు కింది దాకా పారాయి. ముసలామె కాళ్లు పైకి తీసుకోలేదు.

మా లెక్కలు పైకి పోయాయి. స్థానికంగా సేకరించిన అంచనా మాత్రమే అని ఎవరో పక్కన రాశారు. పెద్దసారు రిటైరయ్యేలోపు ఆ ఫైలు కోసం ఎన్నిసార్లు నల్గొండ, హైదరాబాదు తిరిగాడో నాకు తెలుసు. ఆయన రిటైరయ్యాక నేను తిరిగాను. చివరికి పైపులు కాకుండా కింద నీళ్లు పోయేందుకు మనిషి నిలబడి నడిచేంత ఎత్తు ఖానాలతో వంతెన వచ్చింది. తర్వాతి వానల్లో వాగు రెండుమూడుసార్లు పొంగింది, వంతెన కింద నుంచి పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాని సంగతి ఎవరూ రాసి పెట్టరు. మొదటి రిపోర్టులో డ్రైవర్ నిర్లక్ష్యం అన్న ముక్క కూడా ఆ ఫైలులో అలాగే ఉంది. దాన్ని కొట్టేయాలంటే ఎవరిని అడగాలో, ఏ ఆఫీసుకు పోవాలో కనుక్కోలేకపోయాను. వంతెన కట్టించుకోవడం దానికంటే సులభం.

చాలా ఏళ్ల తర్వాత మిర్యాలగూడ బస్టాండులో ఎవరో వెనక నుంచి "మేడం" అని పిలిచారు. తల కొంచెం నెరిసింది, బియ్యం మిల్లు పొట్టు జుట్టులో ఇరుక్కుని ఉంది. ఆ గోలెం ఇంటామె అని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. మిల్లులో పనిచేస్తున్నానని, నేరేడుచర్లలో కిరాయికి ఉంటున్నానని, కూతురు డిగ్రీలో చేరిందని చెప్పింది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. తండాలో ఇల్లు ఉందా అంటే ఉందంది, తాళం వేసి ఉందట. ఎదురింటి అత్త ఎలా ఉందని అడగడానికి నాకు కాస్త జంకుగానే ఉండింది. అడిగాను.

"నా తాననే ఉంటది మేడం" అంది. "ఆమె కొడుకు లారీ మీద పోయి పోయి, గుంటూరు దిక్కు ఇంకో పెండ్లి చేసుకొని గాడనే ఉండిపోయిండు. ముసల్దానికి చూపు ఆనుతలేదు. ఒక్కతి ఉంటే పొయ్యిల వడి సస్తదని నేనే తోలుకొచ్చిన."

ఇప్పుడైనా ఆ మాట మానేసిందా అన్నాను. ఆమె నవ్వింది. నేను ఆమె నవ్వు చూడడం అదే మొదలు. "యాడ మానుతది? రోజు గదే. నా మొగుణ్ని తిట్టుకుంటనే నా చేతి బువ్వ తింటది. తిట్టకపోతే నాకే భయమైతది, పానం బాగలేదేమోనని. మొగులు వట్టిందంటే మాత్రం నోరు మూస్తది మేడం. నా కొంగు వట్టుకొని కూసుంటది, వాన వెలిసిందాక ఇడవదు. నేను గూడ ఇడిపిచ్చుకోను."

నేరేడుచర్ల పోయే షేర్ ఆటో అతను జనం కోసం కేకలు వేస్తున్నాడు. ఆ ఆటోను ఆమె చూసీ చూడనట్టు, బస్సు కోసమే ఉంటానంది. ఎంత ఆలస్యమైనా ఆమె బస్సులోనే పోతుందట. బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీలోంచి చెయ్యి ఊపింది. వంతెన పాతబడింది, ఫైళ్లు అటకెక్కాయి, పెద్దసారు లేడు, బాబాయ్ లేడు. రెండు గంటలు కూడా లేని వాన అది. ఇన్నేళ్లయినా ఆమెకూ ఆ ముసలామెకూ ఆ పొద్దు ఇంకా గూకలేదు.